వేటకుక్కకు దాగుడుమూతలు నేర్పిన వైనం

మామయ్య తోలుచెప్పులు రెండు జతలు, గొడుగు ఒకటి (కర్ర మిగిలింది గానీ ఉత్త కర్ర పట్టుకుంటే వాన ఆగదు కదా), ఉప్పుబస్తాలు మూడు, పసుపు ఆరబెట్టే చాప ఒకటి, అత్తయ్య కొత్త చీపుళ్ళు నాలుగు, ఎండుచేపల బుట్ట మూతతో సహా ఒకటి, నా పంచె అంచు మూరెడు. మా ఇంటికి కుక్క వచ్చిన మొదటి వారంలో పోయినవి ఇవి. ముప్పై ఏళ్ళు దాటినా నాకు కంఠతా వచ్చు. మనుషుల ముఖాలు మరిచిపోతాను గానీ అంకెలు మరిచిపోను. బడి గడప తొక్కకుండా కుంచాలూ మానికలూ కొలుస్తూ లెక్కలు నేర్చుకున్నవాడికి ఆ జబ్బు తప్పదు. అరకులోయకు సరైన బండిదారి లేని కాలం అది. ఉప్పూ కిరసనాయిలూ పెరికెద్దుల మీద కొండెక్కేవి, చింతపండూ వలిసెల నూనెగింజలూ అవే ఎద్దుల మీద దిగేవి. డుంబ్రిగుడ సంత దగ్గర మా మామయ్యకు కొట్టు ఉండేది. అందులో కొలిచేదీ కూడేదీ నేనే. పంతొమ్మిదేళ్ళ వయసు. లెక్క ఒకటి కుదిరిందంటే లోకమంతా కుదిరినట్టేనని గట్టిగా నమ్మే వయసు.

ఆ కుక్క మా నేస్తానిది. ఆ కొండల్లో ఇద్దరు నేస్తం కట్టుకున్నారంటే మాటలు కాదు. ఆ తరవాత ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, ‘నేస్తం’ అనే అనాలి. ఒకడి నెత్తిన కష్టం పడితే రెండోవాడు తన నెత్తి పెట్టాలి. (ఈ రెండో షరతు నాకు ఇంత అక్షరాలా వర్తిస్తుందని అప్పుడు అనుకోలేదు.) ఘాటు దారి తవ్వే పనికి రెండు నెలలు కిందికి వెళ్తూ మా నేస్తం దాన్ని తాడు కట్టి తెచ్చాడు. నల్లగా, బొచ్చుగా, ఎలుగుపిల్లలా ఉండేది. అందుకే దాని పేరు బాలు. వాళ్ళ మాటలో బాలు అంటే ఎలుగు.

“నేస్తం, దీనికి కూడు తగ్గినా పరవానేదు, పని తగ్గకూడదు. బుర్ర కాళీగా ఉంటే ఇల్లు పీకి పందిరేసీత్తాది. మతి సెడకుండా సూడు. ఇది సెడితే నా పెళ్ళి సెడినట్టే.”

అది ఊరికే అన్నమాట కాదు. చైత్రంలో అక్కడ ఇటుకల పండుగ (గోడ కట్టే ఇటుకలు కావు, వేట పండుగ పేరే అది). మగవాళ్ళంతా అడవికి వేటకు పోతారు. విల్లు పట్టినవాళ్ళలో వేట పట్టుకొచ్చినవాడికి పాటలు, ఉత్తచేతులతో వచ్చినవాడికి నెత్తిమీద కుండెడు పేడనీళ్ళు. పోసేది ఆడవాళ్ళు, మొహమాటం ఉండదు. అంతకుముందు రెండేళ్ళూ మా నేస్తం తడిసే ఇంటికి వెళ్ళాడు. అతను మనసుపడిన పిల్ల తండ్రి ఆ ఊరి వేటపెద్ద. “మూడో యేడు కూడా పేడకంపుతో వొచ్చీవోడికి నా గుంటనియ్యను” అని తేల్చి చెప్పేశాడు. ఇక ఆశంతా అప్పుడే ఎదిగిన ఈ కుక్క మీదే.

మొదటి వారం నష్టం పైన చెప్పాను. మామయ్య వట్టికాళ్ళతో గుమ్మంలో నిలబడి, “ఓరే, ఇది కుక్కా, కోతా? నా సెప్పులేవిరా?” అన్నాడు. “ఒక జత దాని పొట్టలో ఉన్నాది. రెండోది ఎక్కడ దాసిందో దాన్నే అడుగు” అంది అత్తయ్య. కట్టేస్తే తాడు తినేసింది. అలిసిపోతే పడుంటుందని గెడ్డవాగు దాటించి కొండ చుట్టూ తిప్పుకొచ్చాను. వచ్చాక నేను మధ్యాహ్నం దాకా లేవలేదు, అది మాత్రం ఆ వ్యవధిలో రెండో చీపురు పూర్తిచేసింది. అప్పుడు నాకు తోచింది: దీని కాళ్ళను కాదు, బుర్రను అలసగొట్టాలి. మూడు కుంచాలు బోర్లించి ఒకదాని కింద బెల్లంముక్క పెట్టాను. ముందు మూడూ తన్నింది, తరవాత వాసన చూసి ఒకటే తన్నింది, ఆ తరవాత నేను పెట్టేటప్పుడు నా చెయ్యి చూడటం మొదలుపెట్టింది. ఎక్కువ కుంచాలు కావాలంటే మామయ్య, “కొట్టులో కొలతలన్నీ కుక్కకిచ్చీసి బేరం నువ్వు పిడికిలితో కొలుత్తావేటి?” అన్నాడు.

అప్పుడే మనుషులను దాచడం మొదలుపెట్టాను. ముందు నేనే పసుపుబస్తాల వెనక నక్కాను. అది ఇల్లంతా గాలించి, నన్ను పట్టి, పంచె అంచు నోట కరుచుకుని బయటికి లాగింది. బెల్లంముక్క పెట్టాను. ఒప్పందం కుదిరింది: దాగినవాడిని వెతకాలి, బట్ట పట్టుకుని బయటికి లాగాలి, నా దగ్గరికొచ్చి కూర్చోవాలి, కూలి తీసుకోవాలి. ఒక పూట ఆడితే సాయంత్రం దాకా పసిపిల్లలా నిద్రపోయేది. చీపుళ్ళు బతికాయి. అత్తయ్య సంబరంగా ధాన్యపు గాదె వెనక దాక్కునేది. మామయ్య మొదట్లో “నా వయసేటి, ఈ యేసాలేటి” అన్నాడు గానీ మూడో జత చెప్పులు కొన్నాక ఆయనే, “ఓరే, నాను ఎక్కడ దూరాలో బేగి సెప్పు” అనేవాడు. ఒక సంతరోజు వలిసెలు అమ్మడానికొచ్చిన ముసలమ్మ, కొట్టులో ఖాళీ గోనెసంచిలోంచి షావుకారి కాళ్ళు బయటికుండటం చూసి, “ఓలమ్మ, పోయినాడేటి!” అని ఏడుపు అందుకుంది. సంచిలోంచి, “ఉష్, కుక్క ఇంటాది” అని జవాబు వచ్చాక ఇంకా గట్టిగా ఏడ్చింది.

చైత్రానికి నేస్తం తిరిగొచ్చాడు. మా ఆట చూసి మురిసిపోయాడు. “దీని తెలివి దున్నపోతంత అయిపోనాది, నేస్తం!” (అది మెచ్చుకోలే, వాళ్ళకు దున్నపోతు అంటే బలం.) వేటకు నన్నూ రమ్మన్నాడు. శిక్షణ ఇచ్చినవాడిని కనక ఛాతీ విరుచుకుని వెళ్ళాను. అక్కడ వేట పద్ధతి ఇది: కొందరు లోయ అడుగు నుంచి డప్పులు కొడుతూ కుక్కలతో జంతువులను పైకి తోలతారు, పైన కొండసందు దగ్గర పద్నాలుగు మంది విల్లంబులతో పొదల్లో నక్కి, ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. నన్ను ఆ సందు పక్కనే ఒక చెట్టెక్కించి వేటపెద్ద, “కొట్టోడా, కదలకు, తుమ్మకు, లెక్కెట్టకు” అన్నాడు. లెక్కపెట్టేటప్పుడు నా పెదాలు కదులుతాయట.

డప్పులు మోగాయి. బాలు అన్ని కుక్కలకన్నా ముందు, ఒక అడవిపందుల మందను తోలుకుంటూ పైకొస్తోంది. ఆహా అనుకున్నాను. సందు దగ్గరికి వచ్చి టక్కున ఆగింది. చుట్టూ చూసింది. ఒక్క మనిషి కనిపించడు, అన్నివైపులా మనిషి వాసన. తల ఓ పక్కకు వాల్చి చెవి నిక్కించింది. ఆ చూపు నాకు తెలుసు. మా అత్తయ్య గాదె వెనక నక్కినప్పుడు సరిగ్గా అదే చూపు.

పందులను అక్కడే వదిలేసి మొదటి పొదలో దూరింది. దూరినచోటు నుంచి వేటపెద్ద వెనక్కి నడుస్తూ బయటికొచ్చాడు. గోచీ కొస బాలు నోట్లో ఉంది. “ఒగ్గీ! ఓలి నీ తల్లికడుపు కాలా, నా గోచీ ఒగ్గీ!” అని గుసగుసగానే అరుస్తున్నాడు, వేటలో అరవకూడదు కనక. ఆయన్ని నడిమధ్యన నిలబెట్టి బాలు నా చెట్టు కిందికొచ్చి బుద్ధిగా కూర్చుని పైకి చూసింది. మొరిగితే వేట చెడిపోతుందని భయమేసి, గబగబా మొలలోంచి బెల్లంముక్క తీసి పడేశాను. దాని లెక్కలో పని సరిగా జరిగిందన్నమాట. తోక ఊపి రెండో పొదలోకి వెళ్ళింది. ఇలా ఒక్కొక్కరే వచ్చారు. ఒకతను తుప్పలు పట్టుకుని వేలాడాడు, ఒకతను విల్లు వదిలేసి గోచీ రెండు చేతులా పట్టుకున్నాడు, మా నేస్తం మాత్రం “ఇప్పుడు కాదే, బంగారం, ఇప్పుడు కాదే” అని బతిమాలుతూ వచ్చాడు. ప్రతిసారీ అది కూర్చునేది, నేను కూలి పడేసేవాణ్ణి. పద్నాలుగు మందీ బయట బారుగా నిలబడ్డాక, ఆ వరస ముందు నుంచే పందుల మంద, పిల్లలతో సహా, ఏ తొందరా లేకుండా నడిచి వెళ్ళిపోయింది. ఆఖరున బాలు చెట్టు మొదలు మీదికెగిరి, వేలాడుతున్న నా పంచె అంచు పట్టుకుంది. ఆటలో నేనూ ఉన్నానుగా.

ఊరి మొదట్లో ఆడవాళ్ళు కుండలతో నిలబడి ఉన్నారు. పద్నాలుగు జతల ఉత్తచేతులు చూసి తమ కుండలు లెక్కపెట్టుకున్నారు. వేటపెద్ద జన్మలో తడిసినవాడు కాదు. ఆయన మీసం వణుకుతోంది. “ఈ యేడు లగ్గం మాట ఎత్తితే కాళ్ళిరగ్గొడతాను” అన్నాడు. నేస్తం ముందుకొచ్చాడు: “కుక్క నాది. నామీదే పొయ్యండి.” నేను వెళ్ళి అతనికి అడ్డంగా నిలబడ్డాను.

“ఆట నేర్పింది నేను. అందరి కుండలూ నా నెత్తిన పొయ్యండి. పిల్లను మాత్రం మా నేస్తానికివ్వాలి.”

వేటపెద్ద తల నిమురుకున్నాడు. తన తల పొడిగా ఉండటమన్నది ఆయనకు నచ్చినట్టుంది. “పద్నాలుగూనా?”

“పద్నాలుగూ.”

“ఒక్కటి తగ్గినా మాట నేదు.”

కూర్చున్నాను. మొదటి కుండ నేస్తం తల్లి పోసింది, “కళ్ళు మూసుకో నాయనా” అని. మిగతావాళ్ళు అంత దయ చూపలేదు. ఆరో కుండ అయ్యాక ఆగిపోయింది. ఏటి సంగతని వేటపెద్ద అడిగితే, పెళ్ళికూతురు కావలసిన పిల్లే ఖాళీ కుండ బోర్లించి చూపించింది. “యేటేటా ఇద్దరు ముగ్గురే కదా, ఆరుకే కలిపినాం. పశువులు మేతకెల్లిపోనాయి. పేడ నేదు.”

“అయితే లెక్క తెగనేదు. లగ్గం నేదు” అన్నాడు తండ్రి. నా నెత్తిమీద ఆరు కుండలూ వృథా అయిపోతున్నాయి. నాకు వచ్చిన లెక్కలేవీ ఎనిమిది కుండల పేడను పుట్టించలేవు. అప్పుడా పిల్ల నడుముమీద చెయ్యేసి, “అయ్యా, యేడాదంతా కొట్టోళ్ళు మనకి ఉప్పు అప్పిత్తారు. మనం వోళ్ళకి ఒక్కసారి పేడ అప్పియ్యలేమేటి? మిగిలిన ఎనిమిది కుండలూ కొట్టు బావ పద్దులో ఉండనీ.” అంది.

ఊరంతా విరగబడి నవ్వింది. వేటపెద్ద మీసం కూడా ఒకసారి అదిరింది. లగ్గం కుదిరింది. బాలు వచ్చి నన్ను వాసన చూసి, నేను దాగానో లేదో తేల్చుకోలేక, దూరంగా కూర్చుంది.

ఇప్పుడు నేను కింద మైదానంలో ఉంటున్నాను. నా తల నెరిసింది. ఎవరైనా లెక్క తప్పు చెబితే ఎదురు చెప్పే ఓపిక కూడా తగ్గింది. బాలు పోయి చాలా కాలమైంది. అయినా చైత్రంలో వీలుచేసుకుని కొండెక్కుతాను. వేటపెద్ద కూతురు ఇప్పుడు మనవల్ని ఎత్తుకునే వయసుది, నేను ఊరి మలుపు తిరగ్గానే చెయ్యెత్తి, “కొట్టు బావా! నీ కుండలు ఉన్నాయి మరి, మరిసిపోకు!” అని కేకేస్తుంది. తీర్చేద్దామని ఒకటి రెండుసార్లు నిజంగానే కూర్చోబోయాను. “ఉండనీ, తీరిపోతే మళ్ళీ ఎందుకొత్తావు” అని నేస్తమే రెక్క పట్టుకుని లేపాడు. కొట్టు పద్ధతిలో ముప్పై ఏళ్ళకు వడ్డీ కట్టి చూశాను; అరకులోయలో పశువులన్నీ చాలవు. ఆ వడ్డీ లెక్క మాత్రం నేను అక్కడ ఎవరికీ నేర్పలేదు. అసలు అప్పు అలాగే ఉంది: ఎనిమిది కుండలు.