ఖాతూన్ బీ ఒప్పుకున్న మాటలు

నరసరావుపేటలో బెల్లం, చింతపండు అమ్ముకునే ఖాతూన్ బీకి ఒక్క అక్షరమూ రాదు. అయినా ఆమె సరేనన్న మాటలతోనే ఆ ఊరి హైస్కూలులో ఆల్జీబ్రా తెలుగులోకి దిగింది.

అది 1946. ఆమె కొడుకు జమాల్ అక్కడ లెక్కల మాస్టారు. నాలుగో ఫారం పిల్లలు ‘వేరియబుల్’, ‘కోయెఫిషెంట్’ అని గడగడ అప్పజెప్పేవాళ్ళు. అంటే ఏమిటని అడిగితే బిక్కమొహం వేసేవాళ్ళు. జమాల్‌కు ప్రాణం ఉసూరుమనేది. తెలుగులో చెబుతానన్నాడు.

“తెలుగులో ఆల్జీబ్రా ఏందయ్యా జమాల్, పచ్చళ్ళ తయారీనా?” అన్నారు హెడ్మాస్టరు ధనుంజయరావు. “సరే, ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా కానీ. ఆయన పెదవి విరిచాడో, మర్నాటి నుంచి మళ్ళీ ఇంగ్లీషే.”

జమాల్‌కు మూడు నెలల గడువుంది. బడి వదలగానే అంగడి అరుగెక్కి, తను కూర్చుకున్న మాటలు ఒక్కొక్కటే తల్లికి విప్పి చెప్పేవాడు. ఆమె బుర్రకెక్కితే కాగితం మీద ఆ మాట పక్కన ‘ఖా’ అని గుర్తు పెట్టేవాడు. ఎక్కకపోతే మర్నాడు మళ్ళీ చెప్పేవాడు.

“అమ్మా, మారుతుండేది చలరాశి. మారనిది స్థిరరాశి.”

“బెల్లం దిమ్మ రోజుకో తూకం, నా తూకపురాయి ఎప్పుడూ అంతే. ఇంతేగా?”

“అంతే. దిమ్మను x అనుకో. అట్లాంటివే మూడుంటే 3x. ఆ మూడు గుణకం.”

“రాసుకో,” అని బేరానికొచ్చిన శేషమ్మ వైపు తిరిగింది. “ఏమే శేషమ్మా, చింతపండు అట్లా పిసకమాక!”

సమీకరణం దగ్గర మాత్రం ఆమే పాఠం చెప్పింది. పది పలాల రాయి ఎక్కడో పోయింది. శేషమ్మకు పదిహేను పలాల బెల్లం కావాలి. ఖాతూన్ బీ ఒక పళ్ళెంలో ఇరవై పలాల రాయి వేసింది. రెండో పళ్ళెంలో ఐదు పలాల రాయి పెట్టి, దాని పక్కన బెల్లం పేర్చింది. ముల్లు నిలిచింది.

“బెల్లం పక్కనున్న ఐదు తీసేస్తే?” అన్నాడు జమాల్.

“అటూ ఐదు తగ్గించాల. ఒక్కవైపే తీస్తే తక్కెడ కాడి ఎగిరి నా మొహాన కొట్టదంట్రా?”

ఆ రాత్రి జమాల్ అంతకుముందు రాసుకున్న పాఠమంతా కొట్టేసి మళ్ళీ రాశాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు, ఆయనే నూజెండ్ల నుంచి వచ్చి చదువుకునే వీరాంజనేయుల్ని బోర్డు దగ్గరికి పిలిచారు. x + 5 = 20 అని వేశారు. వాడు x = 20 − 5 అని రాశాడు.

“అటు వెళ్ళేసరికి ప్లస్ మైనస్ ఎందుకైంది?” అనడిగారు ఇన్‌స్పెక్టరు.

“గుర్తు మారుతుందని చెప్పరా,” అని గొణిగారు ధనుంజయరావు. అన్ని బళ్ళలోనూ చెప్పే జవాబు అదే.

“అది ఎటూ ఎల్లలేదండీ. బెల్లం పక్కనున్న ఐదు తీసేశాం. తూకం నిలవాలంటే అటూ ఐదు తియ్యాల గదండీ.”

“బెల్లమేందిరా!” అని హెడ్మాస్టరు నెత్తి కొట్టుకున్నారు. ఇన్‌స్పెక్టరు మాత్రం నవ్వలేదు. జమాల్ బల్ల మీది కాగితం తీసుకున్నారు.

“ఈ ‘ఖా’ ఏమిటి?”

“మా అమ్మండి, ఖాతూన్ బీ. ఆమెకు అర్థమైన మాటకే ఆ గుర్తు పెట్టాను.”

“ఆమె ఏం చదివారు?”

“ఏమీ చదవలేదండి. తూకం తెలుసు.”

“మరి ఈ ఘాతాంకం, x² మీది రెండు, దీనికి గుర్తు లేదే?”

“ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పడం నాకింకా చేతకాలేదండి.”

ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్ని మడిచి తన జేబులో పెట్టుకున్నారు. తెలుగులోనే సాగించాలని బడి తనిఖీ పుస్తకంలో రాసి సంతకం చేశారు. ఆయన బండి కదలగానే ధనుంజయరావు దగ్గరికొచ్చి, “ఇంకోటి రాసివ్వవయ్యా, నాక్కావాలి. ఆ ‘ఖా’లతో సహా,” అన్నారు.

సాయంత్రం అంగడి దగ్గర ఖాతూన్ బీ అంతా విన్నది. పైటచెంగుతో తక్కెడ పళ్ళేలు రెండూ తళతళలాడేట్టు తుడిచింది.

“అన్నిటికీ నా పేరు పెట్టి ఆ ఒక్కదానికీ పెట్టలేదా?” అంటూ పక్కకు జరిగి అరుగు మీద చోటిచ్చింది. “కూకో. అదేందో చెప్పు.”