చోటే మియా తిరిగిచ్చిన ఖాళీ గిన్నె

బస్సు కండక్టరు చోటే మియా రిటైరైన రోజున డిపోలో శాలువా కప్పారు, దండ వేశారు, గోడగడియారం ఇచ్చి ఇంటికి సాగనంపారు. టికెట్ల మిషనూ, డబ్బుల సంచీ తీసేసుకున్నారు. విజిల్ మాత్రం ఆయన జేబులోనే ఉండిపోయింది. గద్వాల కోట వెనక సందులో ఆ తర్వాత జరిగిన భాగోతానికంతా ఆ విజిలే మూలం అంటుంది ఆయన భార్య సాబిరా.

మొదట్లో పాపం, అరుగు మీద కూర్చుని వచ్చేపోయే ఆటోల్లో తలకాయలు లెక్కపెట్టేవాడు.

"చూడు సాబిరా, గంత చిన్న ఆటోల ఎంతమందిని కుక్కిండో! అడిగెటోడే లేడు."

"మీ ఒళ్లె కూసున్నరా వాళ్లు? మీకేం బాధ?" అనేది సాబిరా, లోపల ఉల్లిగడ్డ తరుగుతూనే.

ఒకనాడు పొద్దున కోడలు హుమేరా పులిసిపోయిన పప్పు గిన్నెను మోరీ దగ్గరికి తీసుకుపోయింది. అంతే. ఇంట్లో మొట్టమొదటిసారి విజిల్ మోగింది.

"హోల్డాన్!"

హుమేరా ఉలిక్కిపడింది. పప్పు సగం మోరీలో, సగం ఆమె కాళ్ల మీద పడింది.

"ఏందది కోడలుపిల్లా?"

"పప్పు, అబ్బాజాన్. నిన్నటిది. వాసనొస్తుంది."

"వాసనొచ్చెదాక ఎందుకుంచిండ్రు? తినెటంతనే వండొద్దా?"

ఇక మొదలు. కొడుకు బాసిత్ పత్తి విత్తనాల గోదాములో పని చేస్తాడు. ఒకటో తారీఖున ఇంటి సరుకులకు డబ్బు తెచ్చి తల్లి చేతిలో పెడతాడు. ఆఖరి వారం వచ్చేసరికి సాబిరా "బేటా, జర ఒక నూనె ప్యాకెట్ పట్టుకరా" అంటుంది. వాడు తెస్తాడు. ఏళ్లుగా జరుగుతున్నదే. కానీ కండక్టరు కంటికి అది బండిలో ఏదో కారుతున్నట్టు కనిపించింది.

"నెలనెలా ఆఖరుకు చెయ్యి చాపుడేంది? ఎవరో టికెట్ లేకుండ ఎక్కుతుండ్రు ఈ ఇంట్ల. ఆ తాళాలు ఇటియ్యి."

సరుకుల అల్మారా తాళాలు సాబిరా కొంగున ఉంటాయి. ఆమె అత్తగారు మంచాన పడ్డప్పుడు పక్కనే ఉన్న కన్నకొడుకును కాదని, కోడల్ని పిలిచి చేతిలో పెట్టిన తాళాలవి. నగలు తాకట్టుకు పోయిన రోజుల్లో కూడా ఆ ముడి విప్పలేదు సాబిరా.

"ఒక్క నెల," అన్నాడు చోటే మియా. "బాసిత్ ఇచ్చిన పైసలల్లనే నడిపిస్త. మీద ఒక్క రూపాయి అడగ. ఒక్క మెతుకు పారెయ్యనియ్య. నడిస్తే తాళాలు ఇగ నా తాన్నే. నడవకుంటే మళ్ల వంటింట్ల నోరు తెరువ."

"నోరు తెరువకుంటే నీళ్లెట్ల తాగుతరు?"

"పరాచికాలొద్దు. ఒప్పుకుంటవా, లేదా?"

ఒప్పుకోకపోతే భయపడ్డట్టు. సాబిరా ముడి విప్పింది. విప్పాక కొంగు ఎంత తేలికైపోయిందంటే, ఆ రోజంతా ఏదో మరిచిపోయిన మనిషిలా నడుం తడుముకుంటూనే ఉంది.

చోటే మియా సంతకు పోయాడు. తెలివిగా, సంత ఎత్తేసే వేళకు పోయాడు. ఆటోలో రెండు గోనెసంచులతో దిగాడు. ఒకదాంట్లో వంకాయలు, ఇంకోదాంట్లో టమాటలు.

"కుప్పలకు కుప్పలే ఇచ్చేసిండ్రు!" ఆయన ముఖం పెండ్లికొడుకులా వెలిగిపోతోంది. "బండి కదిలెటప్పుడు ఖాళీ సీట్లుంటే ఎంతకైన ఎక్కిచ్చుకుంటరు గద. గట్లనే."

సాబిరా సంచిలో చెయ్యి పెట్టి చూసింది. అడుగున వంకాయలు అప్పటికే మెత్తబడుతున్నాయి.

"ఎక్కిచ్చుకున్నరు, బాగనే ఉంది. వీటిని దించుడెప్పుడు?"

ఆయన వినిపించుకోలేదు. బియ్యం డ్రమ్ము మూత ఎత్తి, దించి, తాళం తిప్పి, తృప్తిగా రెండు విజిళ్లు వేశాడు.

ఇప్పుడు ఎదురింటి సంగతి చెప్పుకోవాలి. ఎదురిల్లు సత్తెమ్మది. మొగుడూ పెళ్లాలిద్దరూ గద్వాల చీరలు నేస్తారు. ఒకసారి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే లేచి కూర వండే తీరిక ఉండదు. అందుకని సత్తెమ్మ పొద్దున్నే జొన్నరొట్టెలు గబగబా కొట్టి, రెండిళ్లకూ సరిపడా కాల్చి, సగం సాబిరాకు పంపుతుంది. మధ్యాహ్నానికి అదే గిన్నెలో సాబిరా ఇంటి కూరో, ఖట్టాదాల్ అనే పుల్లటి పప్పో అటు పోతుంది. స్టీలు గిన్నె మీద, కొన్నప్పుడే దుకాణంవాడు చెక్కి ఇచ్చిన పేరు ఉంటుంది కనుక ఎవరి గిన్నె ఎవరిదో తగువే లేదు. పక్కింటి నర్సమ్మతో పచ్చిపులుసు, మూలమీది సల్మాతో సేమియా, ఇలాగే నడుస్తాయి. ఎవరూ ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకున్న ఒప్పందం కాదిది. గిన్నె ఖాళీగా తిరిగి పోకూడదు, అంతే.

ఆ మధ్యాహ్నం సాబిరా సత్తెమ్మ గిన్నెలో కూర పోస్తుంటే విజిల్ మోగింది.

"ఈ సరుకు ఏ స్టేజికి?"

"సత్తెమ్మకు."

"టికెట్?"

"టికెటేందండి! పొద్దుగాల రొట్టెలొచ్చినయి. గిన్నె ఖాళీగ పోతదా?"

"రొట్టెలు మనమడిగినమా? దొరికింది! బండి కారుడు ఈన్నుంచే. నెలకు ఎన్ని గిన్నెల కూర గడప దాటుతుందో చూసినవా?"

సాబిరా చెప్పబోయింది. ఆయన అప్పటికే కూరను మళ్లీ గంజులో వంచేసి, గిన్నె తోమి, చేతిరుమాలుతో తళతళలాడేలా తుడిచాడు. ఎదురింటికి తానే పోయి మగ్గం పక్కన పెట్టాడు.

"ఇగో చెల్లె, నీ గిన్నె. మంచిగ కడిగిన."

సత్తెమ్మ గిన్నెలోకి చూసింది. చేతిలో పోగు నేసే నాడె ఆగిపోయింది. ఆ సందులో గిన్నె ఖాళీగా తిరిగి వచ్చేది రెండే సందర్భాల్లో. చావు జరిగి పొయ్యి వెలగని ఇంటి నుంచి. లేదంటే మాటలు తెగిపోయిన ఇంటి నుంచి.

"అయ్యో అన్నా! ఎవరు పోయిండ్రు?"

"ఎవరు పోలేదే!"

"బాసిత్ మంచిగనే ఉన్నడా? మీ గుల్బర్గా చిన్నమ్మ?"

"అందరు మంచిగనే ఉన్నరు చెల్లె, అల్లా దయ."

"అట్లనా," అంది సత్తెమ్మ. నాడె మళ్లీ ఆడించింది. చావు కాకపోతే మిగిలిందేమిటో ఆమెకు అర్థమైంది. చోటే మియాకు కాలేదు. అదే ఊపులో నర్సమ్మ గిన్నె, సల్మా గిన్నె కూడా తోమి, తుడిచి, ఒకే ట్రిప్పులో అప్పజెప్పి వచ్చాడు.

మర్నాడు పొద్దున రొట్టెలు రాలేదు. పచ్చిపులుసు రాలేదు. సేమియా సంగతి సరేసరి.

రొట్టెల్లేక మూడు పూటలా అన్నమే అయింది. అన్నంలోకి వంకాయే అయింది. వంకాయ కూర, వంకాయ పులుసు, వంకాయ పచ్చడి, వంకాయ పప్పు. వంకాయ పారేస్తే మాట పోతుంది కనుక చోటే మియా రోజూ ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మెత్తబడ్డవాటిని ముందు సీట్లోకి మార్చేవాడు. దాంతో ఆ ఇంట్లో ఎవరికీ మంచి వంకాయ తినే యోగం దక్కలేదు. మంచిది మెత్తబడేదాకా ఆగాల్సిందే. బాసిత్ గోదాములో ఓవర్ టైం చేస్తానని అడిగి మరీ రాయించుకున్నాడు. అక్కడ క్యాంటీన్ ఉంది.

నూనె పోసేటప్పుడు ఒక విజిల్ అంటే ఆపు. రెండు విజిళ్లంటే పోనీ. హుమేరాకు ఆ రెండో విజిల్ ఎన్నడూ వినపడలేదు.

టమాటల్ని మాత్రం సాబిరా కుళ్లనివ్వలేదు. చప్పుడు చెయ్యకుండా మొదటి వారమే కోసి, ఉప్పులో ఊరబెట్టి, మిద్దె మీద ఎండేసి, కారం కలిపి జాడీలో దాచింది.

"మిద్దె మీద ఏందది?" అని ఆరా తీశాడు చోటే మియా.

"మీ టమాటలే. డిపోల మూలకు పడ్డ బండ్లు."

ఆఖరి వారం వచ్చింది. ఆ రోజు బియ్యం డ్రమ్ములో గ్లాసు ముంచితే 'కర్ర్' మని అడుగు గీసుకుంది. చోటే మియా మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. రెండు పూటల బియ్యం ఉంటే గొప్ప. నూనె ప్యాకెట్టు పిండి పిప్పి అయింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"చోటే భాయ్! పెద్దమందడిల బస్సెక్కిన. పగటన్నం మీ ఇంట్లనే గద!"

సాయన్న. రాయచూరు రూటులో ఏళ్ల తరబడి చోటే మియా బస్సు నడిపిన డ్రైవరు. ఒకటో తారీఖున గొప్పకు పోయి, 'తాళాలిప్పుడు నా తాన్నే, నెలాఖరుకు రా, ఇల్లు ఎట్ల నడుపుతున్ననో చూద్దువు' అని పిలిచింది ఈయనే. పిలిచి మరిచిపోయిందీ ఈయనే.

చోటే మియా బియ్యం డ్రమ్ము మీద కూలబడ్డాడు. బాసిత్‌ను అడగలేడు, అడిగితే ఓడినట్టు. సాబిరానూ అడగలేడు. జేబులోని విజిల్‌ను ఊరికే తిప్పుకుంటూ గోడగడియారం కేసి చూస్తున్నాడు.

హుమేరా అత్తను పక్కకు లాగింది. "అమ్మీ, మీరు ఊకుండండి చాలు. సాయన్న మామ వచ్చి ఖాళీ పళ్లెం చూస్తడు. సాయంత్రానికి తాళాలు మీ కొంగుల పడ్తయి."

నిజమే. ఏమీ చెయ్యకపోతే గెలుపే. చేస్తే మటుకు ఆయన నెల గట్టెక్కుతుంది, తాళాలు పోతాయి. సాబిరా చెయ్యి అలవాటుగా నడుం మీదికి పోయింది. అక్కడేమీ లేదు.

"తాళాలు ఆయన తాన ఉంటె ఉండనీ," అంది చివరికి. "అన్నం పెట్టే దస్తర్‌ఖాన్ మాత్రం నాది. దాని ముందల కూసున్నోడు ఆకలితోని లేచి పోతడా?"

జాడీ చంకన పెట్టుకుని ఎదురింటికి నడిచింది. సత్తెమ్మ తల ఎత్తలేదు.

"ఎవరొచ్చిండ్రో! ఖాళీ గిన్నెల సాహుకారుల ఇంటోళ్లా?"

"నువ్వు తిట్టు సత్తెమ్మా, నేను పడ్త. కానీ ముందుగాల ఇది నాలికె మీద ఏసుకో."

సత్తెమ్మ టమాట పచ్చడి వేలితో తీసి నాకింది. ముఖం కొంచెం వదులైంది. "చావు లేదు, కొట్లాట లేదు, గిన్నె మాత్రం ఖాళీ! నేనేం పాపం చేసిన్నో అని పరేషానయి చీరల బుటానే తప్పిన అక్కా. నెలంత పచ్చిమిరపకాయ కొరుక్కుంట రొట్టె తిన్నం."

సాబిరా పందెం సంగతీ, విజిల్ సంగతీ, వంకాయల ముందు సీటు సంగతీ చెప్పింది. సత్తెమ్మ మగ్గం గుంటలోంచి పైకి రాలేనంతగా నవ్వింది. నర్సమ్మా, సల్మా కూడా మొదట మూతి ముడిచారు, పచ్చడి రుచి చూసి విప్పారు.

మధ్యాహ్నం దస్తర్‌ఖాన్ గుడ్డ పరిస్తే దాని మీద వేడివేడి జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, టమాట పచ్చడి, ఉన్న బియ్యంతో కాసింత అన్నం, చివర్లో సేమియా. వంకాయ కూడా ఒక మూలన ఉంది, మర్యాదకు.

ఎక్కడి నుంచి వచ్చాయో చోటే మియాకు తెలియదు. తాళాలు జేబులో ఉండగా అల్మారాలోంచి ఇవి ఎలా దిగాయో అని తెల్లబోయి చూస్తున్నాడు.

సాయన్న రొట్టె మీద రొట్టె లాగించాడు. హుమేరా ఇంకోటి వెయ్యబోతే రాయచూరు అలవాటు కొద్దీ, చాలనడానికి కన్నడంలో "సాకు తల్లీ, సాకు!" అని పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి, మళ్లీ తీసేశాడు. "నెలాఖరుకు గింత దావతా! చోటే భాయ్, మా ఇంట్ల గీ రోజులకు చారే గతి. ఈయనకు తాళాలిచ్చుడు మంచిదైంది వదినా!"

సాబిరా నీళ్ల చెంబు చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. ఈ మాటతో అయిపోయింది. ఇక తాళాలు రావు.

చోటే మియా "అదేం లేదు సాయన్నా…" అని మీసం మీద చెయ్యి వేసి, సేమియా గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు. గిన్నె మీద పేరు ఉంది. సల్మా. పచ్చిపులుసు గిన్నె తిప్పాడు. నర్సమ్మ. రొట్టెల గిన్నె తిప్పనక్కర్లేదు. దాన్ని తళతళ తోమింది తనే. చేతిరుమాలుతో తుడిచిన ఆ అక్షరాలు, సత్తెమ్మ, ఆయన కేసే చూస్తున్నాయి.

నమలడం ఆగిపోయింది. ఊరుకుంటే సరిపోయేది. సాయన్నకు చదివే ధ్యాసే లేదు. కానీ సంచిలో తనది కాని రూపాయిని ఒక్కరోజు కూడా ఉంచుకోని మనిషి ఆయన.

జేబులోంచి విజిల్ తీసి తనకు తానే ఊదుకున్నాడు. సాయన్న అదిరిపడి, పాత అలవాటున కుడికాలితో లేని బ్రేకు తొక్కాడు. పచ్చిపులుసు ఒలికింది.

"ఏమైంది భాయ్?"

"చెకింగ్‌ల దొరికిన సాయన్నా. నెలంత ఎవరు టికెట్ లేకుండ ఎక్కిండ్రా అని ఎతుకుతున్న. నేనే!" తాళాలు తీసి సాబిరా ముందు పెట్టాడు. "ఇగ పట్టు. రొట్టెలు రాకనే బియ్యం ఒడిసినయని ఇప్పుడు తెల్సింది నాకు."

సాబిరా వెంటనే తీసుకోలేదు. ముందు సాయన్నకు ఇంకో రొట్టె వేసింది. ఆ తర్వాత ముడి వేసుకుంది, ఈసారి రెండు ముళ్లు.

మిగిలిన రోజులు సత్తెమ్మ రొట్టెలతో గడిచిపోయాయి. బాసిత్‌ను ఎవరూ ఏమీ అడగలేదు. ఒకటో తారీఖున చోటే మియా మెల్లగా కదిపాడు. "అడగకుండనే నెల దాటింది గద సాబిరా."

"దాటింది. ఎవరి బస్సెక్కి దాటిండ్రో చెప్పాల్నా?"

వంటింట్లో నోరు తెరవనన్న మాటకు కట్టుబడి ఆయన మళ్లీ మాట్లాడలేదు. సాబిరాయే జాలిపడి ఒక డ్యూటీ వేసింది, గిన్నెల డ్యూటీ. ఇప్పుడు మధ్యాహ్నం కాగానే చోటే మియా గిన్నెలు చేతుల్లో పేర్చుకుని బయల్దేరతాడు. ప్రతి గుమ్మం ముందూ ఒక విజిల్ వేస్తాడు, గిన్నె దింపుతాడు, రెండు విజిళ్లు వేసి కదులుతాడు.

మొదటి రోజు ట్రిప్పులో సత్తెమ్మ మగ్గం మీద నుంచే కేకేసింది. "అన్నా! ఇయ్యాల గిన్నె ఖాళీగ లేదు గద?"

"లేదు చెల్లె! నిండ ఉంది."

"ఏం కూర?"

"వంకాయ."

నాడె మళ్లీ ఆగింది. "ఓ అన్నా, ఖాళీ గిన్నెనే మంచిగుండె గదనే!"