ఆరులో ఆవిడ

మా నాన్న భిలాయి ఉక్కు ప్లాంటు తరఫున ట్రైనింగుకని రెండు నెలలు జపాన్ వెళ్లి వచ్చేసరికి నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. వచ్చాక వారం రోజులు మా క్వార్టర్ జనంతో కిటకిటలాడింది. అక్కడ రైళ్లు భూమి కింద నడుస్తాయని, స్టేషన్లో నేల మీదే అన్నం వడ్డించుకుని తినొచ్చని, మూడో రోజుకే ఆ మహానగరం తనకు కొట్టినపిండి అయిపోయిందని నాన్న చెబుతుంటే పక్కింటివాళ్లు నోళ్లు వెళ్లబెట్టేవారు. నేనూ వెళ్లబెట్టాను. అమ్మ మాత్రం వంటింట్లోంచి వింటూ ఉండేది. ఆవిడ దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. పాలవాడు పాలు పోస్తుంటే గిన్నెలోకి కాకుండా వాడి మొహంలోకి చూసేది.

ఎండలో వేద్దామని తీసిన నాన్న కోటు జేబులో అమ్మకు ఒక కాగితం దొరికింది. నాన్న చేతిరాతే. "ఆరులోంచే వెళ్లాలి. నాలుగు వద్దు. తెలియకపోతే ఆవిడని అడగాలి." అంతే ఉంది.

భిలాయిలో ఆరు అంటే ఉత్త అంకె కాదు, సెక్టార్ సిక్స్. ఫలానావాళ్లు ఎక్కడుంటారంటే నాలుగులో, పదిలో అని చెబుతాం. మేముండేది రెండులో.

"ఆరులో మనకెవులున్నారే?" అని అమ్మ నన్ను అడిగింది.

"ఎవరూ లేరు కదమ్మా."

"మరేటి? నాలుగులోంచి ఎల్తే మీ మావయ్య సూసేస్తాడని కదా వద్దనుకున్నాడు!"

మావయ్య ఇల్లు నిజంగానే నాలుగులో ఉంది. ఇంక నాకూ సందేహం లేకపోయింది. మూడు రోజులు నాన్న ఎటు వెళితే అటు సైకిల్ మీద వెంటపడ్డాను. నాన్న సుపేలా బజారుకు వెళ్లి, వంకాయలు బేరమాడి, తిన్నగా ఇంటికొచ్చాడు. అలా తిన్నగా రావడం కూడా నాకు అనుమానంగానే తోచింది.

నాలుగో రోజు అన్నం దగ్గర అమ్మ ఆ కాగితం తెచ్చి కంచం పక్కన పెట్టింది.

"ఎవులండి ఈవిడ?"

నాన్న మొహం ఎర్రబడింది. దొరికిపోయాడనుకున్నాను.

"స్టేషన్లో ఊడ్సే ముసలావిడ," అన్నాడు.

ఆ భూమి కింది స్టేషన్ నుంచి పైకి రావడానికి ఎనిమిది దారులున్నాయట. ఒక్కోదానికి ఒక్కో నంబరు. నాన్నవాళ్లుండే హాస్టలు ఆరో దారికి ఎదురుగా ఉంది. మొదటివారంలోనే ఒక సాయంత్రం నాన్న తోటివాళ్ల నుంచి తప్పిపోయి నాలుగులోంచి పైకొచ్చాడు.

"ఏ వీధి సూసినా ఒక్కలాగే ఉంది. అచ్చరం ముక్క తెలీదు. వానలో రెండు గంటలు తిరిగి, మల్లీ కిందకి దిగిపోయి, మెట్ల కాడ కూకుండి ఏడ్సీసాను. ఆవిడే సెయ్యట్టుకుని ఆరు కాడికి తీసుకెల్లింది."

అమ్మ కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. అక్కడితో ఊరుకోవలసింది. నేను ఊరుకోలేదు.

"మరి ఇంటికొచ్చేశావు కదా నాన్నా, ఆ కాగితం ఎందుకు దాచుకున్నావు?"

"మల్లీ పంపిస్తారేమోనని," అన్నాడు నాన్న, తల ఎత్తకుండా.

ఆ ప్రశ్న అడిగినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

మరుసటి ఏడు జపాన్ వెళ్లేవాళ్లలో నిజంగానే మళ్లీ నాన్న పేరు వచ్చింది. నాన్న వెళ్లనన్నాడు. బంగారంలాంటి అవకాశం ఎందుకు వదులుకున్నావని ఇంటికొచ్చి అడిగినవాళ్ల ముందు నీళ్లు నములుతుంటే అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"నేనే వద్దన్నాను. అక్కడ ఎవుర్తితో తిరుగుతాడో ఏటో, నాకు అనుమానం," అంది.

అందరూ పకపకా నవ్వారు. ఆనాడే మా వీధిలో ఆడవాళ్లు అమ్మకు హిందీలో శక్కీ, అంటే అనుమానం మనిషి, అని పేరు పెట్టారు. అసలు సంగతి అమ్మ ఎవరికీ చెప్పలేదు. ఆ పేరుతో పిలిచి ఏడిపిస్తే తనూ వాళ్లతో కలిసి నవ్వేది. నాన్న మాత్రం నవ్వేవాడు కాదు.