మావయ్య పళ్ళు

మా చిన్నమావయ్యది రాయగడలో పొగాకు హోల్‌సేల్ కొట్టు. ఊపిరితిత్తుల కేన్సర్ అని తెలిశాక, చూడ్డానికి ఎవరొచ్చినా ముందు పెదవులెత్తి పళ్ళు చూపించేవాడు. "సూడండి, గార నేదు. నానెప్పుడూ సుట్ట ముట్టనేదు" అనేవాడు, తప్పు చేసి దొరికినవాడిలా.

ఇది చాలా అరుదైన రకమనీ, గడ్డలోని రెండు జన్యువులు తెగి ఒకదానికొకటి అతుక్కోవడం వల్ల వచ్చిందనీ, పొగాకుతో సంబంధం లేదనీ, పిల్లలకి రాదనీ విశాఖలో డాక్టరు చెప్పారు. హమ్మయ్య అనుకున్నాం. మావయ్య మాత్రం తేలికపడలేదు.

"నాకు పొగాకు వల్ల కాదన్నారు. మరి మన కాడ కొన్నోల్ల దగ్గు సంగతేటి, అల్లుడూ?"

ఆ తర్వాత మావయ్య ఎవరికీ పళ్ళు చూపించలేదు.

ఇప్పుడు ఆ కొట్టులో నేను కూర్చుంటున్నాను. పొగాకు ఇంకా అమ్ముతున్నాం. సంతరోజు కొనడానికొచ్చినవాళ్ళు దగ్గుతూనే నవ్వి పలకరిస్తే, నేను పెదవులు విప్పకుండా నవ్వుతాను.