ఎండకు పోయే నలుపు

మా పెద్దన్న సంవత్సరీకానికి ఫొటో వేయించడానికి మొన్న జగిత్యాలలో ఒక ప్రింటింగ్ షాపుకు వెళ్ళాను. నలుపు తెలుపులో కావాలన్నాను. మామూలు సిరాతో తీయాలా, నిలిచే సిరాతో తీయాలా అని అడిగాడు కంప్యూటర్ ముందు కూర్చున్నతను. ఆ ప్రశ్న నేను సిరిసిల్లలో, ఆ అన్న ఫొటో స్టూడియోలోనే ఒకసారి విన్నాను.

స్టూడియోకు ఎదురుగా మరమగ్గాల షెడ్డు. ఆ చప్పుడులో గట్టిగా మాట్లాడీ మాట్లాడీ అన్న ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. డిజిటల్ ప్రింటర్ కొన్న కొత్తలో ఆయనకు నలుపు పిచ్చి పట్టింది. మా వైపు బతికున్నవాళ్ళకు రంగుల ఫొటో, పోయినవాళ్ళకు నలుపు తెలుపు. మగ్గం ఆగి నేతగాడు ప్రాణం తీసుకున్న ఇళ్ళ నుంచీ, గల్ఫ్ నుంచి మనిషి పెట్టెలో తిరిగొచ్చిన ఇళ్ళ నుంచీ ఆ రోజుల్లో నలుపు తెలుపు పనే ఎక్కువగా వచ్చేది. రంగు సిరాలు కలిపి తీసిన నలుపు ట్యూబ్‌లైటు కింద బాగానే ఉండేది కానీ, వీధిలోకి తెస్తే పచ్చగా కొట్టేది. పోయినవాళ్ళ మొహం పచ్చగా ఉంటే ఎట్లా అని అన్న బాధ. హైదరాబాదు నుంచి బూడిద రంగు సిరాలు తెప్పించి, ఒక్కోదానితో కాగితం ముక్క ప్రింటు తీసి, సగం అట్టతో కప్పి కిటికీ ఊచలకు ఎండలో కట్టేవాడు. కొన్నాళ్ళకు అట్ట తీసి చూస్తే ఏ సిరా నిలిచిందో, ఏది వెలిసిపోయిందో తెలిసేది. పెళ్ళిచూపుల్లో తనను కూడా అంతసేపు చూడలేదని వదిన దెప్పేది.

ఒకరోజు ఎల్లారెడ్డిపేట వైపు నుంచి ఒక ముసలామె కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. కొడుకు మస్కట్ పోయి ఏళ్ళయింది. ఫోన్లు ఆగిపోయాయి, ఎంత వెతికించినా జాడ లేదు. ఇక దినాలు చేసేయమన్నారట కులపెద్దలు. శవం లేదు కాబట్టి ఫొటో కావాలి. అత్త బెంచీ మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే, కోడలు కిటికీకి కట్టిన ముక్కలు ఏమిటని అడిగింది. సిరాల గురించి అడిగేవాళ్ళు ఎప్పుడూ దొరకని మా అన్న ఉత్సాహంగా అంతా వివరించాడు. ఆమె విని, అత్తకు వినపడకుండా మెల్లగా అంది.

"పోయే సిరానే పెట్టు అన్నా. ఆయన అచ్చినంక గీ ఫొటో గోడకు ఉండద్దు."

అన్న తాను పనికిరాదని పక్కన పడేసిన సీసా వెతికి తీసి, దానితోనే ప్రింటు వేశాడు.

చాలా ఏళ్ళకు ఆమె ఒక్కతే అదే ఫ్రేము పట్టుకుని వచ్చింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. వాకిలి ఎండ పడీ పడీ ఫొటోలో మొహం మొత్తం వెలిసిపోయింది. దండ కప్పిన మేర మాత్రం చొక్కా నిన్న ప్రింటు తీసినంత నల్లగా ఉంది. మనిషి లేడు, మెడ చుట్టూ ఆ నల్లటి వంపు ఉంది. నాకు ఇప్పటికీ దండ వేసిన ఏ ఫొటో చూసినా ముందు ఆ వంపే కనిపించి భయమేస్తుంది. ఆమె జుట్టు నెరిసింది. పాత ఫొటో అన్న కంప్యూటర్‌లో భద్రంగానే ఉంది, అందులో అతనికి ఇంకా పాతికేళ్ళే. ఏ సిరా పెట్టాలమ్మా అని అన్న అడగలేక అడిగాడు.

"ఇగ నిలిచేదే పెట్టు అన్నా" అంది.

జగిత్యాల షాపులో అతను మళ్ళీ అడిగాడు. నిలిచేదే అన్నాను. ఆ మాట నోటికి రావడానికి నాకు ఏడాది పట్టింది. ఆమెకు జుట్టు నెరిసేంత కాలం పట్టింది.