ఎక్కాల రాగంలో పికప్

నిన్న ఇక్కడ మేముంటున్న పాపకూర అనే ఊరి లైబ్రరీలో ఒక చైనా పెద్దాయన తన భాషలో ఫోనుకు ఏదో చెప్పుకుంటే, ఆ ఫోనే కౌంటర్ దగ్గరి అమ్మాయికి ఇంగ్లీషులో చక్కగా వినిపించింది. పని క్షణంలో అయిపోయి ఆయన హాయిగా వెళ్ళిపోయాడు గానీ, నాకు మాత్రం ఈ దేశం వచ్చిన కొత్తలో, ఆ పక్క హాల్లోనే చైనా అమ్మమ్మలకూ నాయనమ్మలకూ ఇంగ్లీషు నేర్పిన రోజులు కళ్ళ ముందు కదిలాయి.

పికప్ అనే మాట వాళ్ళ ప్రాణం తోడేసేది. నేల మీది సంచీ ఎత్తినా, మోగే ఫోను తీసినా, బడి నుంచి పిల్లను తీసుకొచ్చినా అన్నిటికీ అదే మాటేమిటని విసుక్కునేవారు. నిఘంటువు తిరగేసినకొద్దీ చిక్కు ఎక్కువయ్యేది. నాకు మా గుంటూరు బడి గుర్తొచ్చి, పుస్తకాలు మూయించి, రెండొకట్ల రెండు, రెండు రెళ్ళ నాలుగు అని పాడుకున్న రాగంలోనే పికప్ ద బ్యాగ్, పికప్ ద ఫోన్, పికప్ ద చైల్డ్ అంటూ, చేతులతో చేసి చూపిస్తూ అందరిచేతా గొంతెత్తి చదివించాను. చిన్నప్పుడు వాళ్ళదీ బట్టీ చదువేనట, హాలు దద్దరిల్లిపోయేది. ఇదేం పాతకాలపు పద్ధతని మా సూపర్‌వైజరమ్మ మొహం చిట్లిస్తే నేను లెక్కచేస్తేగా!

వాళ్ళలో ఒక నాయనమ్మకు మనవరాలిని బడి నుంచి తానే తీసుకురావాలని ఒకటే ఆశ. ఆవిడ ఇంగ్లీషులో నోరు విప్పలేదని కొడుకు ఆ పని పక్కింటావిడకు అప్పగించాడు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా కళ్ళు తుడుచుకునేది. ఒక మధ్యాహ్నం క్లాసు జరుగుతుండగా, ఇవాళ పక్కింటావిడకు కుదరదని కొడుకు కబురు చేశాడు. నేను వెళ్ళి తీసుకొస్తానని బడికి ఫోను చేసి చెప్పబోతే, ఆవిడ నా చేతిలోంచి ఫోను లాక్కుని, కాలితో తాళం వేసుకుంటూ, అచ్చం మన ఎక్కాల రాగంలో, "ఐ గ్రాండ్‌మా! టుడే ఐ పికప్ ద చైల్డ్!" అంది. పిల్ల పేరు అడిగారు, చెప్పింది. రమ్మన్నారు. హాలంతా చప్పట్లు, సూపర్‌వైజరమ్మతో సహా! నాకైతే ఏనుగెక్కినంత సంబరం. కాసేపటికి మనవరాలి చెయ్యి పట్టుకుని ఆవిడ మా కిటికీ ముందు నుంచే తలెత్తుకుని నడిచి వెళ్ళింది.

ఇప్పుడు ఆ హాల్లో యోగా నేర్పుతున్నారు. ఎక్కాల రాగం మా మనవలకే తెలియదు. ఫోను మన తరఫున మాట్లాడిపెట్టడం మంచిదే, కాదనను. కానీ నిన్న ఆ పెద్దాయన కౌంటర్ దగ్గర నుంచి కదిలినప్పుడు చప్పట్లు కొట్టాలని నా చేతులు లేచాయి. కొట్టాల్సింది ఆయనకో, ఆ ఫోనుకో తెలియక ఊరుకున్నాను.