జసూలి వాటా

కుమావూ కొండల్లోని ఆ ఊరికి కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే ఖష్టీ ఎండిన పైన్ ఆకుల మీద కాలు జారి, నెత్తి మీది గడ్డిమోపుతో సహా పొలం గట్టు దాకా దొర్లింది. చెయ్యిచ్చి లేపింది తోడికోడలు జసూలి. లేపుతూ పడీపడీ నవ్వింది.

"మీ పుట్టింట్లో కొండలు లేవుటే? మడమ ముందు పెట్టు, వేళ్లు తర్వాత. మీ ఆయన హల్ద్వానీ హోటల్నించి సెలవు మీద వచ్చేదాకా కాళ్లు రెండూ ఉండాలిగా!"

ఆకు ఊడ్చే పళ్ల కర్ర, దంతె, పట్టడం నేర్పిందీ ఆమే. ఏటా చైత్రం రాగానే ఊరి ఆడవాళ్లంతా అడవికీ పొలాలకీ మధ్య పది బారల వెడల్పున ఆ సూదుల్లాంటి ఆకుల్ని ఊడ్చి, అడవి అంటుకున్నా మంట పొలాల్లోకి దిగకుండా నేల కనబడేలా చేసేవారు. ఎండుపొదలు నరికేవారు. రాలిన పైన్ కాయల్ని ఒక్కటి మిగలకుండా ఏరేవారు. ఆ కాయకి నిప్పంటుకుందంటే వాలు వెంట దొర్లుతూ వచ్చి కిందున్నదాన్నల్లా అంటిస్తుంది. ఊడ్చిన ఆకు పశువుల కింద పక్కగా పనికొచ్చేది. ఇంటికొక వాటా, వాటాకీ వాటాకీ మధ్య ఒక రాయి.

అత్త పోయాక ఇల్లు రెండయింది. వాటా కూడా రెండయింది. అక్రోటు చెట్టు జసూలి వైపు పడింది, కొమ్మ మాత్రం ఖష్టీ వాకిట్లోకి వంగి అక్కడే కాయలు రాల్చేది. ఒకనాడు ఊటబావి దగ్గర, పదిమందిలో, జసూలి నోరు జారింది. "పిల్లల్లేనిదానికి అన్ని కాయలెందుకో!"

ఖష్టీ బిందె ఎత్తుకుని వచ్చేసింది. ఆ తర్వాత రెండేళ్లు అవసరానికి తప్ప మాట్లాడలేదు.

మూడో ఏడు చైత్రంలో జసూలి మోకాలు వాచింది. కుంటుకుంటూ రాయి దగ్గరికొచ్చి నిలబడింది.

"ఖష్టీ, ఈ ఏడు నా వైపు కూడా ఒక చెయ్యి వెయ్యవే. కాలు వంగట్లేదు."

"పిల్లల్లేనిదాన్ని గదక్కా, నాకంత బలమెక్కడిది?"

"నిజమేలే. నేనన్న మాటేగా," అని జసూలి వెనుదిరిగింది.

ఖష్టీ తన వాటా రాయి దాకా ఊడ్చింది. అటు పక్క చీలమండ లోతున ఆకు అలాగే ఉండిపోయింది.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం పై కొండ నుంచి పొగ లేచింది. గాలి కిందికి తిరిగింది. ఆడవాళ్లు పచ్చికొమ్మలు విరుచుకుని పరుగెత్తారు. ఖష్టీ తన వాటాలో నిలబడి మంటని బాదింది. వట్టినేల దగ్గరికొచ్చేసరికి అది తలవంచి ఆరిపోయింది. అప్పుడు పక్కకి చూసింది. జసూలి వాటా మీదుగా దిగిన మంట పశువుల కొట్టాన్నీ, దాని పక్కనున్న గడ్డివామునీ అందుకుంది. ఆవు తాడు విప్పడానికి కుంటికాలితో లోపలికి పోయిన జసూలి మీద వాము కూలింది. ఆవు బయటికొచ్చింది.

ఒళ్లు కాలిన జసూలిని, కుర్చీకి కర్రలు కట్టి, జీపు ఆగే చోటికి మోసుకెళ్లారు. ఖష్టీ పక్కనే నడిచింది.

"నీ వైపు ఆగిందా?" అంది జసూలి.

"ఆగిందక్కా."

"పోన్లే."

మూడో రోజున ఆసుపత్రిలో పోయింది.

దినాలయ్యాక ఫారెస్టు గార్డు వచ్చి చూసి, ఊరందరి ముందూ ఖష్టీని మెచ్చుకున్నాడు. "ఈ తల్లిలాగా అందరూ ఊడ్చుంటే ఇంత ఘోరం జరిగేదా?" ఖష్టీ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

జసూలి భర్త కుందన్ సింగుకి ఖష్టీ ఎదురుపడదు. బావగారితో మరదలు నేరుగా మాట్లాడే అలవాటు ఆ ఊళ్లో లేదు. ఆషాఢంలో ఒక పొద్దున, కాలిన కొట్టం దగ్గర బూడిద ఎత్తుతున్న ఆయన ముందు ముసుగు దించుకుని నిలబడింది. కోడలిగా వచ్చిన పద్దెనిమిదేళ్లలో అదే మొదటిసారి.

"అక్క నన్నడిగింది. నేను ఊడవనన్నాను. పగబట్టి అన్నాను."

ఆయన పార ఆపాడు. తలెత్తలేదు.

"తెలుసమ్మా. ఆ రాత్రే చెప్పింది. 'పోనీ నువ్వు ఊడుస్తావా' అని నన్నూ అడిగింది. 'ఆడాళ్ల పని నాకు చెప్తావేంటి' అని నవ్వాను." మళ్లీ పార ఎత్తాడు. "నాకేం మోకాలు వాచలేదు."

మరుసటి చైత్రంలో ఆయనే దంతె పట్టాడు. టీకొట్టు దగ్గర మగవాళ్లు, "కుందనూ, గాజులు కూడా కొనుక్కో!" అని ఎగతాళి చేశారు. పట్టించుకోలేదు. ఆయనకి ఊడవడం రాదు. చాళ్లు చాళ్లుగా ఆకు వదిలేస్తాడు. ఆయన వెళ్లాక ఖష్టీ వెళ్లి మళ్లీ ఊడ్చి వస్తుంది.

కిందటి ఫాల్గుణంలో జసూలి కూతురికి పెళ్లయింది. పల్లకీ ఎక్కే ముందు ఆ పిల్ల, "పిన్నీ, అమ్మ లేని లోటు నువ్వు తీర్చావే," అంటూ ఖష్టీ మెడ పట్టుకుని ఏడ్చింది. చుట్టూ అందరూ ఏడ్చారు. ఖష్టీకి కన్నీరు రాలేదు. పిల్ల వీపు నిమురుతూ, కాటుక చెదరకుండా తుడిచి, ఎక్కించి పంపింది.

మర్నాడు పొద్దున్నే, చైత్రం ఇంకా రాకముందే, దంతె పట్టుకుని అందరికన్నా ముందు కొండెక్కింది. జసూలి వాటా సగం ఊడ్చి, పోగు చేసిన ఆకు మీద కూలబడి, "అక్కా, అక్కా" అంటూ గొంతు పోయేదాకా ఏడ్చింది. కింద ఊళ్లో పెళ్లిపందిరి విప్పుతున్న చప్పుడులో ఎవరికీ వినబడలేదు.